రెండు కుండలు

2009 ఏప్రిల్‌లో, ఉత్తర ఇథియోపియాలోని గోందర్‌లో, మా ఇంటావిడ నన్నొక ప్రశ్న అడిగింది. "మెమ్‌హిర్, మీరు ఏ మాంసం తింటారు?" మెమ్‌హిర్ అంటే మేష్టారు. వాళ్ళ ఈస్టరు ఇంకో రెండు రోజుల్లో ఉంది. మేకా, కోడా అని అడుగుతోందనుకుని "ఏదైనా పర్లేదు" అన్నాను. ఆవిడ కొడుకు నవ్వి, ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. ఏ జంతువు అని కాదట ఆవిడ ప్రశ్న. కోసిన చెయ్యి ఎవరిది అని. క్రైస్తవుడు కోసిందా, ముస్లిం కోసిందా?

అక్కడ క్రైస్తవులు ముస్లిం కోసిన మాంసం తినరు, ముస్లింలు క్రైస్తవులు కోసింది తినరు. మాంసం కొట్లు వేరు, హోటళ్ళు వేరు. మా ఇంటావిడకి పక్కింటి ముస్లిం కుటుంబంతో ఏళ్ళ స్నేహం. అందుకని పండగనాడు రెండు కుండలు పెట్టేది. ఆవిడ తమ్ముడు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరు చెప్పి కోసిన గొర్రె ఒక కుండలో, పక్కింటాయన వచ్చి బిస్మిల్లా చెప్పి కోసిన కోడి ఇంకో కుండలో. ఇండియా నుంచి వచ్చిన ఈ మేష్టార్ని ఏ కుండ పక్కన కూచోబెట్టాలి? ఆవిడ ఇబ్బంది అది.

"నేనూ క్రైస్తవుణ్ణే" అన్నాను, కొంచెం గర్వంగానే. ఆవిడ నా మెడ వైపు చూసింది. అక్కడి క్రైస్తవులకి బాప్తిస్మంతో మెడలో ఒక తాడు వస్తుంది, మాతెబ్ అంటారు. నా మెడలో ఏమీ లేదు.

ఆ గర్వం ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చెప్పాలి.

మాది గుంటూరు జిల్లా. మా తాతల కాలంలో లూథరన్ మిషన్‌లో కలిసిన మాదిగ కుటుంబం. అమెరికా నుంచి హేయర్ దొర గుంటూరు వచ్చింది 1842లో. అంటే మా మతానికి మా ఊళ్ళో పుట్టినతేదీ ఉంది, తెచ్చినవాడి పేరుంది, ఆయన ఒంటిరంగు కూడా అందరికీ తెలుసు. "మీది దొరల మతం కదా" అని చిన్నప్పుడు బళ్ళో ఒక మేష్టారు మామూలుగా, తిట్టే ఉద్దేశం లేకుండానే అనేవాడు. ప్రభుత్వం కూడా మెత్తగా ఆ మాటే అంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మాలాంటివాళ్ళు క్రైస్తవులైతే ఎస్సీలు కారు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ తలుపు తీశారు. మాకు తియ్యలేదు. ఇక్కడ పుట్టిన మతాలు లోపల, బయట పుట్టినవి బయట. చచ్చేదాకా మాదిగపల్లెలోనే ఉన్న మా నాయనమ్మ, ఏ కాగితం ప్రకారం బయటిదైందో నాకిప్పటికీ అర్థం కాదు.

2008లో అక్కడ ఉద్యోగం దొరికినప్పుడు మనవాళ్ళందరూ జీతం గురించే మాట్లాడుకున్నారు. ఆ రోజుల్లో ఇథియోపియాలో కొత్త యూనివర్సిటీలు వరసగా తెరుస్తున్నారు, తెలుగు లెక్చరర్లు గుంపులుగా వెళ్ళారు. నాకు మాత్రం లోపల ఇంకో ఆశ ఉంది. బైబిల్లో ఐతియొపీయ అని చదువుకున్న దేశం. నాలుగో శతాబ్దంలోనే రాజు క్రైస్తవుడైన దేశం. ఇంగ్లండు రాజుల కంటే, జర్మనీ కంటే, లూథర్ కంటే ఎంతో ముందు. నల్లవాళ్ళ క్రైస్తవం. "దొరల మతం" అన్న మాటకి ఒక దేశమంత జవాబు.

నిరాశపడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. క్రైస్తవం అక్కడ చర్చిలో ఉండే వస్తువు కాదు. పేర్లలో ఉంది. గెబ్రె మర్యమ్ అంటే మరియమ్మ దాసుడు, హైలె సెలాసీ అంటే త్రిత్వపు శక్తి, గెబ్రె యేసుస్ అయితే అచ్చంగా మా వూరి ఏసుదాసే. కాలెండర్లో ఉంది. పదమూడు నెలలు, మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక. నేను వెళ్ళేనాటికి వాళ్ళు 2000 సంవత్సరం పండగ చేసుకుని ఏడాదే అయింది. ఏడాదికొకటి చొప్పున సువార్తికుల పేర్లు, మత్తయి, మార్కు, లూకా, యోహాను, మళ్ళీ మత్తయి. నెలలో ప్రతి తేదీ ఒక పరిశుద్ధుడిది. ఆవిడ నాకు అద్దె తేదీ చెప్పేటప్పుడు అంకె చెప్పేది కాదు, "మికాయేల్ రోజున ఇవ్వండి" అనేది. అంటే పన్నెండు.

అన్నిటికంటే ఉపవాసాల్లో ఉంది. ప్రతి బుధవారం, శుక్రవారం. ఈస్టరు ముందు 55 రోజులు. మామూలు గృహస్థు పాటించేవే ఏడాదికి నూట ఎనభై రోజుల దాకా ఉంటాయి, సన్యాసులకి ఇంకా ఎక్కువ. మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ఏవీ ముట్టరు. నాతోపాటు వచ్చిన శాకాహారి మిత్రుడొకాయన ఆ రోజుల్లో పండగ చేసుకునేవాడు. ఏ హోటల్లో అయినా పెద్ద ఇంజెరా పరిచి దాని మీద పప్పులూ కూరలూ పెడతారు. ఇంజెరా మన పులిసిన అట్టు లాంటిదే, టెఫ్ అనే సన్నటి ధాన్యంతో పోస్తారు. షిరో అని ఒకటుంటుంది, శనగపిండి లాంటి పిండిలో కారం, వెల్లుల్లి వేసి ఉడికించేది. అది తింటుంటే మా అమ్మ కూర లేని రోజు చేసే పిండిపులుసు గుర్తొచ్చేది. మేం లూథరన్లం శ్రమదినాల్లో మహా అయితే సినిమా మానేస్తాం. వీళ్ళ మతం నాలిక మీద, పొట్టలో, వారంలో రెండు రోజులు ఖాయంగా ఉంది.

ఇక జనవరి 19న తిమ్‌కెత్. యేసు బాప్తిస్మం పండగ. ప్రతి చర్చి గర్భగుడిలోనూ తాబోత్ అని ఒక పలక ఉంటుంది, నిబంధన మందసానికి ప్రతిరూపం. అది ఉంటేనే చర్చి, లేకపోతే ఉట్టి గోడలు. ఆ పలకల్ని జరీబట్టల్లో చుట్టి, పూజారులు తలమీద పెట్టుకుని, డప్పులతో, రంగు గొడుగులతో ఊరేగిస్తూ ఫసిలిదెస్ రాజు కోనేటికి తెస్తారు. రాత్రంతా జాగరణ. తెల్లారి నీళ్ళు దీవించగానే కుర్రాళ్ళు కోనేట్లోకి దూకుతారు. తిరునాళ్ళ చూస్తున్నట్టే ఉంది నాకు. మా వూరి పాస్టరుగారు ఇది చూస్తే విగ్రహారాధన అనేవారేమో. నేను మాత్రం ఏడ్చాను. ఇది ఎవరిదీ అరువు కాదు కదా అని.

నిజానికి అరువే. రుఫినస్ అనే రోమన్ చరిత్రకారుడు ఆ కథ రాశాడు. తూరు పట్టణపు కుర్రాళ్ళిద్దరు ఓడలో పోతుంటే ఎర్రసముద్రం ఒడ్డున ఓడమీద దాడి జరిగింది. అందర్నీ చంపి పిల్లలిద్దర్నీ అక్సుం రాజు దగ్గరికి తీసుకుపోయారు. వాళ్ళలో ఫ్రుమెంతియస్ రాజుగారి కొలువులో పెరిగి, తర్వాత అలెగ్జాండ్రియా వెళ్ళి, మా దేశానికి ఒక బిషప్పుని పంపండని అథనేసియస్‌ని అడిగితే, నువ్వే వెళ్ళు అని ఆయన్నే బిషప్పుని చేసి పంపాడు. తమాషా ఏమిటంటే రుఫినస్ ఆ దేశాన్ని ఇండియా అనే రాశాడు. ఆ కాలపు రోమనులకి ఎర్రసముద్రం అవతలిదంతా ఇండియానే. ఎజానా రాజు తొలి నాణేల మీద నెలవంక ఉంటుంది, తర్వాతి వాటి మీద సిలువ. అంటే వాళ్ళ మతానికీ తెచ్చినవాడి పేరుంది, పుట్టినవూరుంది. ఒక సిరియా కుర్రాడు.

అంతే కాదు. అప్పటినుంచి పదహారు వందల ఏళ్ళు ఆ చర్చికి పెద్ద, అబూన్, ఈజిప్టు నుంచే వచ్చేవాడు. అలెగ్జాండ్రియా పంపిన కోప్టు సన్యాసి. చాలాసార్లు వాళ్ళ భాష కూడా రానివాడు. ఇథియోపియన్ అయిన బాసిలియోస్ ఆ పీఠం ఎక్కింది 1951లో. సొంత పాట్రియార్క్ 1959లో. మా ఆంధ్ర లూథరన్ సంఘం తన కాళ్ళ మీద నిలబడటం మొదలైంది 1927లో! ఈ లెక్క దొరికిన రోజు నాకు ఒకటే నవ్వు. పరాయివాడి చెయ్యి ఉందా లేదా అన్నదే కొలత అయితే మేమే ముందు.

మరి అది వాళ్ళదెలా అయింది? దీనికి జవాబు సుసెన్యోస్ రాజు కాలంలో దొరుకుతుంది. జెసూట్ల మాట విని ఆయన 1622లో కాథలిక్ అయ్యాడు. తర్వాత వచ్చిన మెండెస్ అనే పోర్చుగీసు పాట్రియార్క్ మీ బాప్తిస్మాలు చెల్లవు, మళ్ళీ తీసుకోండి, సున్తీ మానండి, శనివారం పాటించకండి, ఉపవాసాలూ పండగలూ రోము ప్రకారం మార్చుకోండి అన్నాడు. అప్పటికే పన్నెండు వందల ఏళ్ళుగా క్రైస్తవులైన రైతులు కత్తులు పట్టారు. క్రీస్తు స్వభావం ఒకటా రెండా అన్న వాదం పండితులది. రైతుకి తెలిసింది తన బుధవారం పోతోందని. వేలమంది చచ్చాక 1632లో రాజు పాత మతం తిరిగిచ్చి, కొడుకు ఫసిలిదెస్‌కి గద్దె వదిలాడు. ఆ ఫసిలిదెసే గోందర్ కట్టించింది, జెసూట్లని తరిమింది. నేను చూసిన కోనేరు ఆయన పేరు మీదే ఉంది.

కాబట్టి మతం ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది కాదు, దాన్ని ఎవరు ఎంత వాడుకున్నారన్నదే దాన్ని సొంతం చేస్తుంది అని నేనొక సిద్ధాంతం కట్టుకున్నాను. తిన్నవాడిది తిండి, పాడినవాడిది పాట. చాలా బావుంది అనుకున్నాను. ఆ ఈస్టరు దాకా.

నా మెడ చూశాక ఆవిడ అడిగింది, "ఆర్థడాక్సా?" కాదు, లూథరన్ అన్నాను. కొడుకు సాయం చేశాడు. "పెంతే" అన్నాడు. ప్రొటెస్టెంట్లందర్నీ అక్కడ అలాగే అంటారు, పెంతెకొస్తు అయినా కాకపోయినా. ఆవిడ మొహంలో కోపం లేదు, జాలి ఉంది. "ఓ, మెతే" అంది. ఆ మాట నాకు తెలియదు. కొడుకు తడబడ్డాడు. తర్వాత స్టాఫ్ రూములో అడిగి తెలుసుకున్నాను. వచ్చినది, వలసది, బయటిది అని అర్థం. పెంతేల మతాన్ని అలా అంటారు. తెల్లవాళ్ళు తెచ్చినది.

అంత దూరం వెళ్ళి ఆ మాటే మళ్ళీ విన్నాను.

నా క్లాసులో పశ్చిమాన వొల్లెగా నుంచి వచ్చిన ఒరొమో కుర్రాడొకడుండేవాడు, వాడూ లూథరనే. మెకానె యేసుస్ సంఘం. వాడు నాకు ఒనెసిమోస్ నెసిబ్ గురించి చెప్పాడు. చిన్నప్పుడే బానిసగా అమ్ముడుపోయి, చేతులు మారి, మస్సావాలో విడుదలై, స్వీడిష్ మిషనరీల దగ్గర చదువుకుని, ఆస్టెర్ గన్నో అనే మరో విడుదలైన బానిస పిల్ల సాయంతో బైబిల్ మొత్తం ఒరొమో భాషలోకి తెచ్చాడు. 1899లో స్విట్జర్లాండులో అచ్చయింది. గీజ్ భాషలో ఆ దేశానికి ఎంతో ముందే బైబిలుంది. హనోకు గ్రంథం పూర్తిగా మిగిలింది ప్రపంచంలో ఆ ఒక్క భాషలోనే. కానీ గీజ్ పూజారుల భాష, అమ్హరిక్ రాజుల భాష. ఒరొమో వాడికి తన ఇంటిమాటలో చదువుకునే పుస్తకం ఒక బానిస చేతిమీదుగా, దొరల అచ్చుయంత్రం మీదుగా వచ్చింది. "అది మెతేయా సర్?" అన్నాడు కుర్రాడు. వాడికి నేనేం చెప్తాను.

అప్పణ్ణుంచి నా చూపు మారింది. చూడకుండా దాటేసినవన్నీ కనపడసాగాయి.

ఇస్లాం అక్కడికి ఎప్పుడొచ్చింది? 615 ప్రాంతంలో, మదీనాకి కూడా వెళ్ళకముందు. మక్కాలో హింస పడలేక ప్రవక్త అనుచరులు కొందరు అక్సుం రాజుని శరణు కోరితే, ఆ క్రైస్తవ రాజు వాళ్ళని అప్పగించనన్నాడు. ముస్లింలు ఈ కథని ప్రపంచమంతటా చెప్పుకుంటారు. అయినా ఉత్తరాదిన ముస్లింలకి శతాబ్దాలపాటు భూమిహక్కు లేదు. నేతా, వ్యాపారం, అంతే. వాళ్ళని "ఇథియోపియా ముస్లింలు" అనేవారు కాదు, "ఇథియోపియాలో ఉంటున్న ముస్లింలు" అనేవారు. పదమూడు వందల ఏళ్ళుగా అద్దెకి ఉంటున్నట్టు! 1974లో అడిస్ అబాబా వీధుల్లో ముస్లింలు పెద్ద ఊరేగింపు తీశాకే, ఆ ఏడాది చివర వాళ్ళ పండగలకి సెలవలు వచ్చాయి.

1878లో నాలుగో యోహాన్నెస్ చక్రవర్తి వొల్లో ముస్లింలని క్రైస్తవులు కమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. అక్కడి నాయకుడు మొహమ్మద్ అలీ, మికాయేల్ అయ్యాడు. 1896 మార్చి 1న అద్వా యుద్ధంలో ఇటలీని ఓడించినప్పుడు ఆ మికాయేల్ గుర్రపుదళంతో మెనెలిక్ పక్కన ఉన్నాడు. గియోర్గిస్ తాబోత్‌ని యుద్ధభూమికి మోసుకుపోయారు, వాళ్ళ లెక్కలో ఆ రోజు 23, గియోర్గిస్ రోజు. నల్లజాతులన్నీ ఈనాటికీ తలెత్తుకునే గెలుపు అది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1916లో, అదే మికాయేల్ కొడుకు ఇయాసూని గద్దె దించారు. ముస్లిం అయిపోయాడన్నది అభియోగం. ఒక తరం తిరిగినా మతం పుచ్చుకున్నవాడి కొడుకు మతం పుచ్చుకున్నవాడి కొడుకే. ఈ కథ నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

గోందర్ నుంచి సిమియెన్ కొండల దారిలో రెండు మూడు మైళ్ళు పోతే వొలేకా అని చిన్న పల్లె. బేత ఇస్రాయెల్ వాళ్ళ వూరు, యూదులు. ఇతరులు వాళ్ళని ఫలాషా అనేవారు, నేలలేని పరదేశి అని. బాప్తిస్మం తీసుకున్నవాడికే తండ్రి భూమి అని పదిహేనో శతాబ్దపు రాజు యెస్హాక్ శాసించాడని వాళ్ళ పెద్దలు చెప్పుకున్న మాట. భూమి పోయాక కుండలు చేశారు, ఇనుము కొట్టారు. నాగలికర్రు వీళ్ళే చెయ్యాలి, కానీ వీళ్ళ కన్ను పడితే బిడ్డ జబ్బు పడుతుంది, రాత్రిళ్ళు హైనాలై తిరుగుతారు అని రైతుల నమ్మకం. 1984లో, మళ్ళీ 1991లో విమానాల్లో ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. రెండోసారి ఒకటిన్నర రోజులో పద్నాలుగు వేలమందికి పైగా. నేను వెళ్ళేసరికి ఖాళీ గుడిసెలాంటి ప్రార్థనామందిరం, దాని మీద దావీదు నక్షత్రం, పక్కన మట్టిబొమ్మలు అమ్ముకునే ఆడవాళ్ళు. వాళ్ళలో యూదులు ఎవరూ లేరు. బొమ్మల్లో ఒకటి కొన్నాను, సొలొమోనూ షేబ రాణీ పక్కపక్కన పడుకున్నది.

ఆ బొమ్మలోనే ఉంది మొత్తం చిక్కు. పద్నాలుగో శతాబ్దంలో గీజ్‌లో కూర్చిన కెబ్రా నగాస్త్ అనే గ్రంథం ప్రకారం షేబ రాణి ఇథియోపియా రాణి. ఆమెకీ సొలొమోనుకీ పుట్టిన మెనెలిక్, యెరూషలేము నుంచి నిబంధన మందసాన్ని అక్సుంకి తెచ్చాడు. ఇక ఎన్నికైన జనం ఇశ్రాయేలు కాదు, వీళ్ళు. 1270లో గద్దెకొచ్చిన వంశం 1974 దాకా ఈ కథమీదే నిలబడింది. శనివారం, సున్తీ, పందిమాంసం నిషేధం అన్నీ ఉన్న క్రైస్తవం, తాము ఇశ్రాయేలు వారసులమని చెప్పుకుంటూ, ఆ పక్కనే ఇశ్రాయేలీయులమని చెప్పుకునే కుమ్మరి కమ్మరుల్ని పరదేశులంది. ఈ నేల అందరికంటే మాది అనడానికి, ఎక్కణ్ణుంచో వచ్చామన్న కథే సాక్ష్యం.

నా సిద్ధాంతం అక్కడే విరిగింది. వాడినవాడిదే మతం అన్నాను. సరే. కానీ వాడివాడి ఒక మతం ఒక జాతికి ఒంటిచర్మం లాగా అయిపోయాక, ఆ చర్మం లేనివాడు అదే నేలమీద పుట్టినా మనిషిలా కనపడడం మానేస్తాడు. ఎంత లోతుగా సొంతమైతే అంత గట్టిగా తలుపు పడుతుంది. నేను తిమ్‌కెత్‌లో ఏడ్చింది ఆ లోతు చూసే. వొలేకాలో ఖాళీ గుడిసెలు చేసిందీ ఆ లోతే. ఒకదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని వేరే ఖాతాలో రాసుకోవడం నాకు చేతకాలేదు. అలాగని ఆ జాగరణ, ఆ ఉపవాసం లేకుండా పోతే బావుండునని అనడం ఇంకా చేతకాలేదు.

పదిహేడో శతాబ్దపు అక్సుం పండితుడు జెర యాకోబ్ రాశాడని చెప్పే హతతా అనే పుస్తకం ఒకటుంది. సుసెన్యోస్ హింసకి భయపడి గుహలో దాక్కుని, ఒక్కొక్కడూ నా మతమే నిజం అంటున్నాడు, తీర్పరి ఎవరు అని అడుగుతాడు అందులో. మనిషికిచ్చిన బుద్ధే అంటాడు. ఆఫ్రికా తత్వశాస్త్రానికి తలమానికం అన్నారు దాన్ని. తర్వాత కొందరు పండితులు ఇది ఇథియోపియన్ రాసింది కాదు, పందొమ్మిదో శతాబ్దంలో అక్కడున్న ఇటలీ సన్యాసి కల్పన అన్నారు. ఆ గొడవ ఇంకా తెగలేదు. చూశారా, ఆ పుస్తకం వేసిన ప్రశ్న పక్కకి పోయింది. అది మనదా, బయటివాడిదా అన్నదే మిగిలింది.

ఒకే మతం కనీసం ఒకరినొకరు చంపుకోకుండా ఆపుతుందా అంటే, 2020 నవంబరు చివర్లో, అక్సుం మరియమ్మ పండగకి ఒకటి రెండు రోజుల ముందు, ఎరిత్రియా సైనికులు అదే అక్సుంలో వందలమందిని చంపారు. చంపినవాళ్ళ దేశంలోనూ అదే తాబోత్, అదే గీజ్ ఆరాధన. ఆ యుద్ధంలోనే నెగాష్‌లోని పాత మసీదు మీదా గుళ్ళు పడ్డాయి.

ఆ ఈస్టరునాడు నేనేం తిన్నానంటారా. ఆవిడ పెద్దగా ఆలోచించలేదు. మెతే అయినా క్రీస్తు పేరు చెప్పేవాణ్ణే కాబట్టి గొర్రె కుండ దగ్గర కూచోబెట్టింది. మా గుంటూర్లో మేం తరతరాలుగా సాయిబుల కొట్లోనే మాంసం కొనుక్కున్నాం, నాకేం పట్టింపు? లేచి కోడి కుండ దగ్గరికీ వెళ్దామనుకున్నాను. ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని ఆపాడు. నేను అది తింటే ఇది తిన్న చెయ్యితో ఇక్కడ ముట్టుకోవడం బావుండదని. కూచున్నాను. మర్యాద కోసమే అనుకున్నాను అప్పుడు. ఇప్పుడంత నమ్మకం లేదు.

ఇంకోటి కూడా గమనించాను, ఆ మూడేళ్ళలో. ఆ రెండు ఇళ్ళూ ఒకే పళ్ళెంలో తిన్నది ఎప్పుడూ ఉపవాసం రోజునే. షిరోలో కోసేదేమీ లేదు కదా. బుధవారం మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చి, ఒకే ఇంజెరా చుట్టూ కూచుని, తర్వాత కాఫీ గింజలు వేయించుకుంటూ సాయంత్రం దాకా మాట్లాడుకునేవారు.

2022 ఏప్రిల్ 26న, ఫసికా అయిన రెండు రోజులకి, గోందర్‌లో ఒక ముస్లిం పెద్దాయన అంత్యక్రియల మీద దాడి జరిగింది. చర్చికీ శ్మశానానికీ మధ్య నేల గొడవ. ఇరవైమందికి పైగా చనిపోయారని అక్కడి ఇస్లామిక్ కౌన్సిల్ చెప్పింది. రెండు రోజులకి దక్షిణాన సిల్తె ప్రాంతంలో చర్చిలు తగలబెట్టారు. నేను గుంటూర్లో కూచుని ఫోను మీద ఫోను చేశాను. వారం తర్వాత ఆవిడ కొడుకు దొరికాడు. అందరూ క్షేమమే అన్నాడు. పక్కింటివాళ్ళు కూడా, కొట్టు మూసి పెట్టారు, ఊరు వదల్లేదు అన్నాడు.

మరుసటి ఏడు ఫసికాకి ఫోన్ చేసి ఆవిడతోనే మాట్లాడాను, నా అమ్హరిక్ సగం మర్చిపోయినా. పండగ బాగా జరిగిందా అన్నాను. జరిగింది, దేవుడికి స్తోత్రం అంది. ఎన్ని కుండలు అన్నాను. ఒకటే అంది. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. పక్కింటావిడ వస్తోందా అని అడిగాను.

"బుధవారాలు వస్తోంది" అంది.